తప్పును దాచే పాఠం

నెక్కొండ రైతు ఒకాయన వరంగల్లులో ఒక కార్యాలయానికి బయలుదేరినాడనుకొందాము. కార్యాలయం మూసియుండవచ్చును. తెరచియున్నా గుమాస్తా ఆయన కాగితాలను ఒప్పుకొనకపోవచ్చును. ఒప్పుకొన్నా అడిగిన దస్త్రమే అక్కడ లేకపోవచ్చును. తిరిగివచ్చి "పని కాలేదు" అని మాత్రమే చెప్పితే ఎవరైనా ఏమి సలహా ఇవ్వగలరు?

పి.హెచ్.పి. భాషలో ప్రోగ్రాము వ్రాసి, మై ఎస్.క్యు.ఎల్. డేటాబేసుతో సంబంధం కల్పించడం నేర్పే పాత పాఠం సరిగా ఇదే చేస్తుంది. "కనెక్టు చేయి, కుదరకపోతే ఒక మాట చెప్పి ఆగిపో" అన్నదే దాని సారాంశం. కొందరు ముందు '@' గుర్తు కూడా చేర్చి, యంత్రం ఇచ్చే హెచ్చరికను అణచివేస్తారు. ఆ పాఠానికి ఆధారమైన పాత ఫంక్షనులను 2015లో వెలువడిన 7.0 కూర్పు నుండి తొలగించినారు. ఫంక్షనులు పోయినా అలవాటు పోవలసియున్నది.

నిజానికి యంత్రం కారణం చెప్పుతూనే ఉన్నది. 2002 అనే సంఖ్య వస్తే సర్వరును చేరనేలేదన్నమాట: సర్వరు నడవడం లేదు, లేదా చిరునామాయో, సాధారణంగా 3306గా ఉండే పోర్టు సంఖ్యయో తప్పు. లినక్సులో 'లోకల్ హోస్ట్' అంటే సాకెట్ ఫైలు దారి, 127.0.0.1 అంటే నెట్‌వర్కు దారి. మొదటిది విఫలమై రెండవది పనిచేస్తే, లోపం సాకెట్ దారిలో ఉన్నదని తేలుతుంది. 1045 వస్తే సర్వరు దొరికినది గాని, పేరునో పాస్‌వర్డునో ఒప్పుకొనలేదు. అసలు పాస్‌వర్డు పంపినారా లేదా అన్నది కూడా ఆ సందేశం చివరనే ఉంటుంది. 1049 వస్తే ఆ పేరుగల డేటాబేసు లేదు. 1045 చూచి సర్వరును మాటిమాటికి ఆపి నడపడం వృథాశ్రమ.

అయితే కారణమంతా అందరికీ కనబడేటట్లు తెరపై వేయడం మరొక తప్పు. పి.డి.ఓ. పద్ధతిలో సంబంధం కుదరనప్పుడు వచ్చే ఎక్సెప్షన్‌ను పట్టుకొనకపోతే, పాత కూర్పులలో దాని వివరాలలో పాస్‌వర్డు సైతం బయటపడగలదు. 2022లో వచ్చిన 8.2 కూర్పు దానిని మరుగుపరచింది. అయినా పూర్తి కారణం లాగ్ ఫైలులోనికి పోవాలి. చూడవచ్చిన వారికి మర్యాదగా ఒక్క మాట చాలును.

ఉపాధ్యాయులు చేయదగినది ఒకటున్నది. సరిగా పనిచేసే ప్రోగ్రామును విద్యార్థుల కిచ్చి, చిరునామా, పాస్‌వర్డు, డేటాబేసు పేరు ఒక్కొక్కటే చెడగొట్టించి, ఏ తప్పుకు ఏ సంఖ్య వచ్చినదో పట్టిక వ్రాయించాలి. రోగలక్షణాలు తెలియకుండా మందు వేయడం వైద్యం కాదు. ప్రోగ్రాము విషయంలోనూ అంతే.