నవ్వి చచ్చినవారు

స్పెయిన్ దేశపు దర్శకుఁడగు అలెక్స్ దె లా ఇగ్లేసియా 1999వ సంవత్సరమున వెలువరించిన 'ముయెర్తోస్ దె రీసా' యను చలనచిత్రము హాస్యరసవిచారము చేయువారు చూడఁదగినది. ఆ పేరునకు 'నవ్వి చచ్చినవారు' అని యర్థము.

కథ స్వల్పము. నీనో, బ్రూనో యనువారు జంట విదూషకులు. ఒకనాఁడు రంగముపై నీనో భయముచే నోరు పెగలక కొయ్యవలె నిలువఁగా, బ్రూనో యాతనిఁ జెంపపైఁ గొట్టెను. సభ విరగబడి నవ్వెను. నాఁటినుండి యా దెబ్బయే వారికి జీవనోపాధి. కీర్తి పెరిగినకొలఁది పరస్పరద్వేషమును బెరిగి, తుదకు టెలివిజన్ ప్రదర్శనమధ్యముననే యొకరినొకరు కాల్చుకొనిరి. దర్శకుఁడు ఈ తుదిని మొదటనే చూపినాఁడు; కావున మనకు మిగులునది 'ఏమగును' అను కుతూహలము గాదు, 'ఏల నయ్యెను' అను విచారము.

విశ్వనాథుఁడు సాహిత్యదర్పణమున రౌద్రమునకు హాస్యమును విరోధిగాఁ జెప్పినాఁడు. అట్లయిన నీ చిత్రమున నవ్వెట్లు పుట్టినది? ఆశ్రయభేదమున్నచో విరోధము తొలఁగునని యానందవర్ధనుఁడు చూపిన మార్గ మిచ్చట నక్కఱకు వచ్చుచున్నది. క్రోధము దెబ్బతిన్న నీనోయందు, హాసము సభయందు. కథ చెప్పు ప్రతినిధి హూలియానుకు మాత్రము రెండును గావు, రాఁబడియే. అయితే ఆ క్రోధమును మన మెఱిఁగిన పిమ్మట నాశ్రయభేదము నిలువదు; రెండును మన హృదయముననే చేరును. మొదటి దెబ్బకు నేనును నవ్వితిని. తరువాతి దెబ్బలకు సభ నవ్వుచున్నను నాకు నవ్వు రాలేదు. చిత్రమునకుఁ బ్రాణమిదియే యని నా తలంపు. చెంపదెబ్బ నీచహాస్యమని త్రోసివేయు పండితులు ఈ పరిణామమును గమనింపవలెను.

ఫ్రాంకో 1975లో మరణించుట, 1981 ఫిబ్రవరి 23న సైనికులు పార్లమెంటును ముట్టడించుట—ఈ సంఘటనల కాలముననే కథ నడచును. దీనినిబట్టి యీ జంటయే చీలిన స్పెయిన్ దేశమని యనవచ్చును గాని, యది కొంత బలవంతపుటర్థము. చరిత్ర యిందు వెనుక తెరయే. అదే దర్శకుఁడు 2010లో మరల నిరువురు విదూషకుల వైరమునే కథగాఁ గొని, 1937 నాఁటి యంతర్యుద్ధముతో నారంభించిన చిత్రమున నా సంబంధము బిగువుగా నున్నది.

ఉత్తరార్ధమునఁ బ్రతీకారములు మితిమీఱినవి. ఒకదానిని మించి యొకటి వచ్చుటచే ద్వేషము లోఁతు గాక పొడవు మాత్రమే పెరిగినది. సాంతియాగో సెగూరా, ఎల్ గ్రాన్ వయోమింగ్ అనువారి నటనమే యా భాగమును మోసినది.