హాజరుపట్టీ చదివే పద్ధతి

ఈ సంకలనం వాళ్లు నన్ను రాయమని అడిగినప్పుడు నవ్వొచ్చింది. నేను రాయని దినం ఏది? 1998లో రొళ్ల మండలంలోని ఒక ఊరి అంగన్‌వాడీలో చేరినప్పటినుంచి, సెలవులు పోగా, రోజూ రాస్తానే ఉన్నాను. హాజరు రిజిస్టరు, ఆహార పంపిణీ రిజిస్టరు, స్టాకు రిజిస్టరు, సర్వే రిజిస్టరు, బరువుల చార్టు. దళిత పిల్లల ఆకలి మీద ఎక్కువ పుటలు రాసింది కవులు కాదు, కథకులు కాదు. మేము. కానీ మా రాతల్ని ఒక్క విమర్శకుడూ చదవలేదు. చదివేదల్లా ఆడిట్ వాళ్లే, వాళ్లకు అంకెలు చాలు. కాబట్టి నా రచన మీద నేనే విమర్శ రాసుకుంటున్నాను. ఇందులో నా తప్పు కూడా ఉంది. దాన్ని దాచుకునేకి ఈ కాగితం దండగ చేయను.

ముందు మాటల దగ్గర మొదలుపెడతాను. 1975 అక్టోబర్ 2న దేశంలో 33 బ్లాకుల్లో ఐ.సి.డి.ఎస్. మొదలైంది. అందులో మేం పెట్టే తిండికి పెట్టిన పేరు ‘అనుబంధ పోషకాహారం’. అనుబంధం అంటే ఏమిటి? అసలుది ఇంట్లో ఉందని, దానికి ఇది తోక అని. మా గేరిలో పొద్దున పిల్లను నా కాడ దింపి వక్కతోట పనికో, చెనిక్కాయ పెరికేకో పోయే తల్లిని అడగండి, ఆ అసలు తిండి ఎక్కడుందో. ఈ పేరు పెట్టిన వాళ్ల ఇంట్లో మూడు పూటలా పొయ్యి వెలిగింది. అది వాళ్ల తప్పు కాదు. ఆ పొయ్యి వెలుగులోనే మా ఇండ్లను చూడడం తప్పు. రెండో మాట ‘లబ్ధిదారు’. పసిబిడ్డ తినే ముద్దను లబ్ధి అన్నారు. మూడోది ‘గౌరవ వేతనం’. 1997లో కేంద్రం పెంచిన తర్వాత పదో తరగతి పాసైన వర్కరుకు నెలకు 500, ఆయాకు 260 రూపాయలు. ఇందులో వేతనం ఎంతో కనపడుతూనే ఉంది, గౌరవం ఎంతో ఈ కథ చదివి మీరే లెక్క కట్టండి.

మా సెంటరు ఊరి నడుమ, ఒకరి ఇంటి పక్క గదిలో నడిచేది. గేరిలో గది లేక కాదు. గేరిలో పెడితే ఊరి పిల్లోళ్లు రారని. రిజిస్టరులో 23 మంది పిల్లలు. అందులో 9 మంది గేరివాళ్లు, మిగతా 14 మంది ఊరివాళ్లు. వంట చేసేది ఆయమ్మ. మాదిగ విధవరాలు, ఇద్దరు బిడ్డలు. అప్పట్లో మూటల్లో వచ్చే పిండిని ఉడకబెట్టి పెట్టేవాళ్లం. పదిన్నర దాకా పిల్లలంతా కలిసే ఆడుకునేవాళ్లు. ఇది కర్ణాటక గట్టు, ఇండ్లల్లో కన్నడం, బడిలో తెలుగు. ‘ఊట ఆయ్తా’ అని ఒకరినొకరు అడిగే ఆటే వాళ్లకు పెద్ద ఆట. ఉత్త మూతల్లో మన్ను పోసి వడ్డించుకునేవాళ్లు. ఆ మన్ను అన్నానికి అంటు లేదు. నిజం గిన్నె పొయ్యి మీదనుంచి దిగుతూనే గడప కాడ ఊరి అక్కో, అవ్వో నిలబడి ఉండేది. “మా పాప పొద్దున్నే తినింది టీచరమ్మా, ఆకలి లేదంట” అని చెయ్యి పట్టుకుని తీసుకుపోయేది. దినానికి ఎనిమిది మంది అట్ల పోయేవాళ్లు. తిన్న తర్వాత ఆటకు మళ్లీ వచ్చేవాళ్లు.

రిజిస్టరులో నేను ఏం రాసేదాన్ని? 23 మంది తిన్నారని.

ఏడేళ్లు అట్లే రాసినాను. ఎందుకు రాసినానో చెప్తాను. 15 మందే తిన్నారని రాస్తే వచ్చే నెల సరుకు కోత పడుతుంది. ఎందుకు తగ్గినారని అడుగుతారు. కారణం చెబితే ఆయమ్మను మార్చమని ఊరు అడుగుతుంది. అప్పుడు ఆయమ్మ 260 రూపాయలు పోతాయి. ఇదంతా నిజమే. ఆ ఎనిమిది మంది పాలు గేరి పిల్లలకు రెండో గరిటె అయ్యేది. అది కూడా నిజమే. బరువుల చార్టులో మా గేరి బిడ్డల గీత పైకి పోతానే ఉంటే నాకు లోపల సంతోషం. పంపిణీ పుస్తకాన్నీ బరువుల చార్టునూ పక్కపక్కన పెట్టి చూసిన ఆఫీసరు ఒక్కరూ లేరు. చూసింటే నా దొంగతనం ఆ దినమే దొరికుండేది.

అయితే నా అబద్ధం ఊరి అంటరానితనానికి దుప్పటి కప్పింది. రాష్ట్రం మొత్తం మీద నాలాంటి వాళ్లు ఎంతమంది అట్ల కప్పినారో. పైన కూర్చున్న వాళ్లకు అంతా కలిసి తిన్నట్టే కనిపించింది. ఒక దళిత స్త్రీ తన చేత్తో తానే ఆ సాక్ష్యాన్ని చెరిపేసింది.

ఇంకొకటి ఉంది. నేను మాల. ఆయమ్మ మాదిగ. చేరిన కొత్తలో నేను ఇంటినుంచి సంగటి కట్టుకుని పోయేదాన్ని. ఆయమ్మ వండింది తినేదాన్ని కాదు. 1994లో దండోరా మొదలైనప్పుడు మా ఇంట్లో జరిగిన మాటలు నాకు గుర్తే, వాటినిక్కడ రాసేకి నోరు రాదు. ఒకనాడు గిన్నెలు తోముతూ ఆయమ్మ తల ఎత్తకుండానే అనింది: “టీచరమ్మా, పిల్లోళ్లు తినకపోతే నీకు భయం. రిజిస్టర్లో నీ పేరు ల్యాదు కదా, నువ్వు తినకపోతే ఎవురూ అడగర్లే.”

ఆ మాట విన్నప్పుడు ఊరి అవ్వ గడప కాడ నిలబడినట్టు లేదు, నేనే నిలబడినట్టు ఉండింది. మర్నాడు సంగటి కట్టుకుని పోలేదు. ఇది గొప్పగా చెప్పుకునే సంగతి కాదు, ఏడాది ఆలస్యంగా చేసిన పని.

ఇప్పుడు సాహిత్యం వైపు వస్తాను. తెలుగులో ఆకలి మీద రాసినవి కావలసినన్ని ఉన్నాయి. వాటిలో చాలాచోట్ల ఆకలికి కులం ఉండదు. ఒక పేదవాడు, ఒక ఖాళీ కుండ, ఒక కన్నీటి చుక్క. ఎవరో దయగలవారు అన్నం పెడతారు, కథ అయిపోతుంది. ఆ అన్నం ఎవరు వండినారు అనే ప్రశ్న అక్కడ పుట్టదు, ఎందుకంటే పెట్టేవాళ్లు పైవాళ్లు, తినేవాళ్లు కిందివాళ్లు. ఆ దిక్కున అన్నం కిందికి పారితే ఎవరికీ అభ్యంతరం లేదు. మా చేతినుంచి పైకి పోవాల్సి వస్తేనే కడుపులు నిండిపోతాయి. జాషువా 1941లో ‘గబ్బిలం’తో కాశీ విశ్వనాథుడికి కబురు పంపించాడు. గుడిలోకి మనిషి పోలేడు, గబ్బిలం పోగలదు. నాకు అంగన్‌వాడీ గదిలో ఆ పద్యాలు గుర్తొచ్చేవి. మా గదిలోకి మనిషి రాగలదు, ఊడ్చగలదు, పిల్లోళ్ల ముక్కు తుడవగలదు, గరిటె మాత్రం పట్టగూడదు.

మాకు పక్క భాష కన్నడం కాబట్టి దేవనూరు మహాదేవ ‘ఒడలాళ’ మా గేరిలో కొందరికైనా తెలుసు. సావుకారి చెనిక్కాయల మూటె ఇంటికి చేరితే రాత్రికి రాత్రి ఇంటిల్లిపాదీ ఒలుచుకుని తింటారు. చెనిక్కాయ పండే మా నేలలో ఆ రాత్రి ఎవరికీ కొత్త కాదు. ఆ కథలో నాకు నచ్చేది జాలి లేకపోవడం. తినేవాళ్లు నవ్వుతూ, గొడవపడుతూ తింటారు. వాళ్లను లబ్ధిదారులని ఎవరనగలరు?

మన సొంత రచనల మీద కూడా ఒక మాట అనాలి. కోపం చేసుకోవద్దు. దళిత ఆత్మకథల్లో హాస్టలు అన్నం చాలాసార్లు వస్తుంది. పురుగుల అన్నం, నీళ్ల చారు, వార్డెన్ దొంగతనం. అంతా నిజం. కానీ అది తిని చదివిన మగపిల్లోడు ఆఫీసరో, లెక్చరరో, కవో అవుతాడు, పుస్తకం అయిపోతుంది. పొద్దున నాలుగ్గంటలకు లేచి ఆ అన్నం వార్చిన మనిషి ఎవరు? ఆమెది ఏ కులం? ఆమె వండిందని ఎవరన్నా తినకుండా పోయినారా? ఆ పుస్తకాల్లో ఆమె ఒక పొగ మాత్రమే. తిన్నవాళ్లు రాసినారు, వండినవాళ్లు ఇంకా రాయలేదు. విద్యార్థులు ఈ లెక్క ఒకసారి వేసి చూడండి.

ఇక లెక్కలంటారా, మా ఆకలిని తూచిన చేతులు చాలా పాతవి. అప్పటికి అనంతపురం జిల్లా అనేది లేదు, బళ్లారి జిల్లా ఉండేది. 1877 కరువులో రిచర్డ్ టెంపుల్ దొర కూలిని దినానికి ఒక పౌను ధాన్యం, కొంచెం చిల్లరకు తగ్గించినాడు. 1995 ఆగస్టు 15న మొదలైన కేంద్ర పథకంలో బడి పిల్లోడికి నెలకు 3 కిలోల ధాన్యం. అంగన్‌వాడీ పిల్లకు మొదట 300 క్యాలరీలు, 2009 నుంచి 500. ఈ అంకెలు పెరగాలని కొట్లాడినవాళ్లకు నేను మొక్కుతాను. అయినా ఒక సంగతి చూడండి. 3 కిలోల బియ్యం ఇంటికి ఇస్తున్నంత కాలం మా ఊరిలో ఏ కులమూ వద్దనలేదు. సుప్రీంకోర్టు 2001 నవంబర్ 28న వండి పెట్టాలని ఉత్తర్వు ఇచ్చింది. మన రాష్ట్రంలో 2003 జనవరిలో బడుల్లో పొయ్యిలు వెలిగినాయి. అప్పటినుంచి ఎవరు వండేది అనే తగువు. పచ్చి బియ్యానికి కులం లేదు, ఉడికిన తర్వాత వస్తుంది. 2020 మార్చిలో కరోనా వచ్చి సరుకు ఇంటికే ఇచ్చినప్పుడు మా సెంటరులో ఒక్క ఇల్లు కూడా కాదనలేదు. నా ఉద్యోగంలో ఏ మార్పూ చేయకుండా నిజంగా నిండిన పుట అదొక్కటే.

గుడ్డు సంగతి ఇంకా వింత. ఆయమ్మ అన్నం ముట్టని ఇంటివాళ్లు ఆయమ్మ ఉడకబెట్టిన గుడ్డు తీసుకుపోయేవాళ్లు, పెంకుతో ఉంటే. ఒలిచి ఇస్తే వద్దు. అంటే కులానికి గుడ్డు పెంకు దాటే శక్తి లేదు, స్టీలు గరిటె మాత్రం దాటుతుంది! సరిహద్దు అవతల కర్ణాటకలో 2021 చివర బడుల్లో గుడ్డు పెట్టబోతే కొందరు మఠాధిపతులు అడ్డం నిలబడినారు. మా ఊరిలో మఠాలు అక్కర్లేదు, అవ్వలు చాలు. ఇక రాగి. చిన్నప్పుడు మా అయివారు మమ్మల్ని రాగిముద్ద మొహాలనేవాడు. 2023 మార్చి నుంచి అవే రాగులు జావగా బడుల్లో వారానికి మూడు దినాలు పోసినారు. ఆ అయివారు బతికుంటే చూపించాలని ఉండింది.

సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్ 20న ఇంకో ఉత్తర్వు ఇచ్చింది. బడి భోజనం వండేవాళ్ల నియామకంలో దళితులకు, ఎస్సీ ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలని. అదే ఏడు అక్టోబర్ 7న, దళితవాడలన్నిటికీ వీలైనంత త్వరగా అంగన్‌వాడీలు రావాలని. ఈ సంగతులు నాకు డిపార్టుమెంటు చెప్పలేదు. మడకశిరలో దళిత సంఘాల మీటింగుకు పోతే అక్కడ తెలిసింది. సుఖదేవ్ థోరాత్, జోయల్ లీ మన రాష్ట్రంతో సహా 5 రాష్ట్రాల్లో 531 ఊర్లలో చేసిన సర్వే గురించి తర్వాత విన్నాను. చౌక డిపోలో, భోజనంలో అంటరానితనం ఎట్ల నడుస్తుందో వాళ్లు అంకెల్లో పెట్టినారు. నాకు సిగ్గేసింది. వాళ్లు ఊరూరా తిరిగి వెతికింది నా గదిలో రోజూ పదిన్నరకు జరుగుతోంది. నా పుస్తకంలో దాని జాడే లేదు.

ఇప్పుడు పుస్తకాలు తగ్గి ఫోను వచ్చింది. 2021 నుంచి పోషణ్ ట్రాకర్. 2025లో ఇంటికి సరుకు తీసుకునే తల్లి ముఖం కూడా ఫోనుకు చూపించాలన్నారు. సిగ్నలు రాకపోతే గట్టెక్కి చెయ్యి పైకెత్తి నిలబడతాం. ముఖాన్ని గుర్తుపట్టే యంత్రం వచ్చింది. ఆ ముఖాన్ని చూసి పిల్లను లేపుకుపోయే చూపును గుర్తుపట్టే గడి మాత్రం అందులోనూ లేదు. 2023 డిసెంబర్, 2024 జనవరి నెలల్లో 42 దినాలు సమ్మె చేసినాం. వర్కరుకు 11,500, ఆయాకు 7,000 వచ్చే కాలంలో మా మీద ఎస్మా పెట్టినారు. అత్యవసర సేవ అని అప్పుడు గుర్తొచ్చింది. ఆ 42 దినాలూ ఆయాలే ముందు వరసలో కూర్చున్నారు, కానీ మా డిమాండ్ల కాగితంలో కూడా గరిటె సంగతి లేదు. సంఘం వాళ్లకు ఈ మాట ముఖం మీదే చెప్పినాను.

మీటింగునుంచి వచ్చిన తర్వాత 2005లో ఒక సోమవారం, ఆహార పంపిణీ పుస్తకంలో మొదటిసారి 15 అని రాసినాను. పక్కన ‘రిమార్కులు’ అనే గడి ఉంటుంది, వేలెడు వెడల్పు. అప్పటిదాకా అందులో ‘లేవు’ అనే రాసేదాన్ని. ఆ దినం, “8 మంది తినలేదు. కారణం: వండింది మాదిగ ఆయమ్మ” అని రాసినాను. రాసే ముందు ఆయమ్మను అడిగినాను. “రాయి. ఉండేది రాయి” అనింది. కాసేపాగి, “జీతం పోతే నువ్విస్తావా?” అనింది. నా దగ్గర జవాబు లేదు.

నెలాఖరుకు తనిఖీకి వచ్చినామె ఆ గడి చూసి తల పట్టుకునింది. చెడ్డ మనిషి కాదు. “ఎందుకమ్మా లేనిపోని తలనొప్పి, ఆయమ్మను నీళ్లకూ ఊడ్చేదానికీ పెట్టు, వంట ఇంకెవరితోనైనా చేయించు” అనింది. నేను ఒప్పుకోలేదు. ఎర్ర పెన్ను తీసి నా వాక్యం మీద గీత కొట్టి, పైన “అనారోగ్యం” అని రాసి సంతకం పెట్టింది. ఎనిమిది మందికీ ఒకే దినం, ఒకే గంటకు అనారోగ్యం.

గీత కింద నా అక్షరాలు ఇంకా చదివేకి వస్తాయి. మర్నాడే రొళ్లకు పోయి ఆ పుటను జిరాక్స్ తీయించినాను. ఎరుపు నలుపుగా పడింది. ఆ కాగితాన్ని ఈ వ్యాసంతో పాటు సంపాదకులకు పంపుతున్నాను, పిల్లల పేర్లున్న వరస కనపడకుండా మడిచి.