పట్నపు బడి, పల్లె బొమ్మ: హైదరాబాద్ చిత్రకళలో తెలంగాణ స్త్రీమూర్తి

ఒక నగరపు సృజన వాతావరణాన్ని అక్కడి కళాశాలలు ఎంతవరకు తీర్చిదిద్దుతాయన్న ప్రశ్నను సాధారణంగా కళాచరిత్రకారులకే వదిలివేస్తాం. కాని తెలుగు సాహిత్య విమర్శకూ ఆ ప్రశ్నతో పని ఉంది. తెలంగాణ పల్లెను నవలాకారులు మాటల్లో రూపుకట్టిన దశాబ్దాల్లోనే హైదరాబాద్ చిత్రకారులు దానిని గీతల్లో, రంగుల్లో రూపుకట్టారు. ఈ రెండు రూపకల్పనలు ఎక్కడ కలుస్తున్నాయి, ఎక్కడ విడిపోతున్నాయి అన్నది ఈ వ్యాసంలో పరిశీలనాంశం.

1940లో హైదరాబాద్‌లో ఆరంభమైన ప్రభుత్వ చిత్రకళా పాఠశాల క్రమంగా లలితకళల కళాశాలగా ఎదిగి, నేడు మాసబ్ ట్యాంక్‌లోని విశ్వవిద్యాలయంలో అంతర్భాగంగా ఉంది. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ శిక్షణ పొందిన కొండపల్లి శేషగిరిరావు ఈ కళాశాలలో అధ్యాపకులుగా పనిచేశారు. మెదక్ జిల్లా నిజాంపూర్‌కు చెందిన కె. లక్ష్మా గౌడ్ (జ. 1940), కరీంనగర్ జిల్లా బూరుగుపల్లికి చెందిన తోట వైకుంఠం (జ. 1942) ఇక్కడ చదివి, ఆపై బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ వద్ద సాధన చేశారు. జానపద కళలను, చేతివృత్తుల నైపుణ్యాన్ని ఆధునిక కళకు జీవధాతువులుగా చూడడం సుబ్రమణ్యన్ బోధనలోని ప్రధానాంశం. పల్లె నుంచి పట్నానికి, పట్నం నుంచి బరోడాకు, అక్కడి నుంచి మళ్లీ పల్లె వస్తువుకు సాగిన ఈ ప్రయాణమే హైదరాబాద్ చిత్రకళకు ప్రత్యేక ముఖాన్నిచ్చింది. పుట్టిన ఊరిని కొంత దూరంగా నిలబడి చూసే అవకాశాన్ని కళాశాల వారికి కల్పించింది.

అయితే ఆ చూపు ఇద్దరిలో రెండు విధాలుగా పరిణమించింది. లక్ష్మా గౌడ్ తొలినాళ్ల ఎచింగుల్లో మనుషులు, మేకలు, చెట్లు ఒకదానిలో ఒకటి పెనవేసుకొని ఉంటాయి. కోరిక అక్కడ దాపరికం లేకుండా, కొంత మొరటుగా వ్యక్తమవుతుంది. వైకుంఠం స్త్రీమూర్తులు ఇందుకు భిన్నం. పెద్ద బొట్టు, నిండైన నగలు, ముదురు ఎరుపు, పసుపు రంగుల చీరలు, నిశ్చలమైన దేహం. లక్ష్మా గౌడ్ పల్లెలో అలజడి ఉంది. వైకుంఠం పల్లెలో నిలకడ ఉంది.

ఈ నిలకడను దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ నవల పక్కన ఉంచితే ఒక చిక్కు ఎదురవుతుంది. ఆ నవలలోని గడీలో స్త్రీ దేహం దొర అధికారానికి లోబడినది. ఆడబాప జీవితం ద్వారా రచయిత ఆ అధికారాన్ని బయటపెట్టారు. అటువంటి చరిత్ర గల నేల మీద ఈ నిండు అలంకారం శ్రమనూ బాధనూ కప్పివేస్తున్నదా? ఆక్షేపణ సబబుగానే తోస్తుంది. కాని బి. నర్సింగరావు తీసిన ‘దాసి’ (1988) చిత్రానికి కళాదర్శకత్వం వహించి జాతీయ పురస్కారం పొందినది ఈ వైకుంఠమే. గడీలోని దాస్యాన్ని దృశ్యమానం చేసిన చేయి ఆ చరిత్ర తెలియనిది కాదు.

ఈ చిక్కును విప్పే ఆధారం చిత్రకారుని బాల్యంలో ఉంది. ఊరూరా తిరిగే నాటక బృందాల్లో స్త్రీ వేషం కట్టే పురుష నటులు తనను ఆకర్షించారని వైకుంఠం పలు సందర్భాల్లో చెప్పారు. ఈ దృష్టితో చూస్తే ఆ బొట్టు, ఆ నగలు రంగస్థల ఆహార్యానికి దగ్గరవుతాయి. ఆ స్త్రీమూర్తి పల్లె స్త్రీ జీవితానికి యథాతథ చిత్రణ కాదు. పల్లె తన కోసం తాను కట్టుకున్న వేషానికి చిత్రణ. వేషాన్ని వాస్తవంగా చదివి, దానినే తెలంగాణ అస్తిత్వ చిహ్నంగా స్థిరపరచడం చూసేవారి పఠనదోషం. మాండలికాన్ని కేవలం అలంకారంగా మెచ్చుకొని, దాన్ని పలికే పాత్ర స్థితిని మరచే సాహిత్య విమర్శలోనూ ఇదే దోషం కనిపిస్తుంది.

ఈ చర్చ నగరపు వర్తమానానికీ సంబంధించినది. విజయవాడ రహదారి నగరంలో ప్రవేశించే ఎల్బీనగర్, అక్కడి నుంచి చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్ వరకు ఉన్న తూర్పు హైదరాబాద్ నల్లగొండ, ఖమ్మం జిల్లాల యువత తొలి మజిలీ. ఇక్కడి శిక్షణ సంస్థల్లో యానిమేషన్, గ్రాఫిక్స్ నేర్చుకొనేవారూ ఉన్నారు. లక్ష్మా గౌడ్, వైకుంఠం వలెనే వీరూ ఊరు విడిచి వచ్చినవారు. వీరి చేతికి పరికరం త్వరగానే అందుతుంది. ఊరిని తిరిగి చూసే అభ్యాసానికి మాత్రం ఉద్యోగమే లక్ష్యమైన కొద్ది నెలల శిక్షణలో చోటు దొరకడం కష్టం. అది లేనప్పుడు సిద్ధంగా ఉన్న చిహ్నాన్ని అనుకరించడమే మిగులుతుంది.

కనుక తెలుగు శాఖల పాఠ్యప్రణాళికలో ‘చిల్లర దేవుళ్లు’తో పాటు ‘దాసి’ చిత్రాన్ని, లక్ష్మా గౌడ్ ఎచింగులను, వైకుంఠం స్త్రీమూర్తులను కలిపి చదివే అవకాశం కల్పించాలి. బొమ్మను చదవడం నేర్చిన విద్యార్థి నవలలోని వర్ణనను చూసే తీరు కూడా మారుతుంది.