యాడీ, నీ సూదిమొన మీద

యాడీ! నీ లంబాడీల గోర్ బోలిలో అమ్మను పిలిచే పిలుపు అది. నేనూ నిన్ను ఆ పేరుతోనే పిలుచుకుంటాను. ఎండలు ముదిరే వేళ మా పల్నాటి ముప్పాళ్ళ కల్లాల్లో మిరప ఆరబోస్తారు. నేల నేలంతా నిప్పుల తివాచీ. గాలి నిండా ఘాటు, కంటి నిండా ఎరుపు. ఆ ఎరుపును చూసినప్పుడల్లా నీ పేటియా, ఆ కుట్టుపని లంగా, గుర్తుకొస్తుంది. కల్లాన్ని కల్లంగా ఎత్తి, కుచ్చిళ్లు పోసి, అంచున గవ్వలు కట్టి, నడుము చుట్టూ తిప్పుకుని నడిచొచ్చినట్టు ఉంటావు నువ్వు. నువ్వు నడిస్తే కాలిబాట మోగుతుంది, నువ్వు ఆగితే ఎండ నీ అద్దాల్లో ఆగుతుంది.

వెల్దుర్తి, దుర్గి, బొల్లాపల్లి దారుల్లో, నల్లమల నీడన నీ తండాలు. అక్కడ చెట్టుకింద కూర్చుని నువ్వు సూదిలో దారం ఎక్కిస్తుంటే చూడాలి! అచ్చు లేదు, గీత లేదు, కాగితం లేదు. బట్టలోని పోగులను వేలికొసతో లెక్కపెట్టుకుంటూ పోతావు. పోగు దాటితే పువ్వు, పోగు ఆగితే చుక్క, పోగు మళ్లితే మెరుపు. కీలన్, వేలే, మాకీ, రేలో, నక్రా... నీ కుట్ల పేర్లు వింటే కాలి గజ్జెలు పలికినట్టే ఉంటుంది. అద్దం బిళ్ల చుట్టూ దారం బిగిస్తావు. సూర్యుడొచ్చి అందులో కాపురం పెడతాడు. గవ్వ కుడతావు, కడలి వచ్చి నీ కొంగున ఒదుగుతుంది.

కడలి నీకు కొత్తది కాదు తల్లీ. తీరం నుంచి ఉప్పు నింపుకున్న నీ ఎద్దుల బారులు కొండలు దాటాయి, కోటలు దాటాయి, దక్కనంతటికీ రుచి పంచాయి. తర్వాత రైలు వచ్చి నీ బాటను తెంపింది. తెల్లదొరల నేరజాతుల చట్టం నీ వాళ్ల నుదుట మచ్చ పెట్టింది. ఆ మచ్చ చెరగడానికి స్వాతంత్ర్యం రావలసి వచ్చింది. ఎద్దులు పోయాయి, బాట పోయింది, బేరం పోయింది. సూది మిగిలింది. పోయిన దారులన్నిటినీ ఆ సూదితోనే బట్ట మీద మళ్లీ వేసుకున్నావు.

ఆ బట్టనూ లోకం వదల్లేదు. పాత పేటియాలను ముక్కలు చేసి సంచులకూ దిండు గలీబులకూ అతికి అమ్ముకున్నారు. గోడలకు నీ అందం వేలాడింది, నీ చేతికి చిల్లర రాలింది. నీ కూతురు చీర కట్టింది, మనవరాలు చుడీదారు తొడిగింది. వాళ్లను నేను తప్పుపట్టను; కూలికి పోయే దారిలో గవ్వల బరువు ఎవరు మోస్తారు?

అయినా నీ దారం తెగలేదు. తమిళనాట ధర్మపురి జిల్లా సిత్తిలింగి లోయలో కుట్టు తెలిసినవాళ్లు ఇద్దరు ముసలమ్మలే మిగిలారట. డాక్టర్ లలితా రెజీ తోడుగా నిలవగా, ఆ రెండు జతల చేతులే బడి అయ్యాయి. 2006లో 'పోర్గై' సంస్థ పుట్టింది. నీ మాటలో పోర్గై అంటే గర్వం. కూలికి వలసపోయే ఆడబిడ్డలు ఇంటి అరుగు మీదే కూర్చుని సంపాదించుకునే పని అయింది. కర్ణాటకలో సండూరు లంబాడీ కుట్టుకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో హంపీలో జీ20 అతిథుల ముందు, 450 మందికి పైగా నీ అక్కచెల్లెళ్లు కుట్టిన 1,755 వస్తువులు కొలువుదీరి గిన్నిస్ పుస్తకానికెక్కాయి. ఆ రాళ్ల నగరంలో ఆనాడు రంగులు తుంగభద్రలా పొంగి ఉంటాయి!

యాడీ, ఆ పొంగు మా పల్నాటికీ రావాలని నా మనసు కొట్టుకుంటోంది. తీజ్ పండుగకు కన్నెపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్లు పోసి మొలకెత్తిస్తారే, నీ విద్యకూ అంతటి మురిపెం కావాలి, అన్ని నీళ్లు కావాలి.

ఆడవాళ్లకు ఉపాధి శిక్షణ ఇస్తామని వచ్చే అయ్యలారా, అమ్మలారా! ముందు తండాలోకి వెళ్లండి. కుట్టు తెలిసిన అవ్వ ఏ ఇంట ఉందో అడగండి. ఆమెను కూలిమనిషిగా కాదు, గురువుగా కూర్చోబెట్టండి, గురువుకిచ్చే జీతమే ఇవ్వండి. కుట్టుమిషన్లు ఆ తర్వాత తెద్దురుగాని.