నేలను నమ్ముకున్న షాట్

2004 జులైలో, స్కాట్లాండ్ పడమటి తీరాన రాయల్ ట్రూన్ మైదానంలో ఓపెన్ గోల్ఫ్ ఛాంపియన్‌షిప్ నాలుగు హోల్స్ ప్లేఆఫ్‌కి వెళ్ళింది. చివరి హోల్‌కి వచ్చేసరికి ఎర్నీ ఎల్స్ కన్నా టాడ్ హామిల్టన్ ఒక్క స్ట్రోక్ ముందున్నాడు. కానీ అతని రెండో షాట్, జెండా ఉండే నున్నటి గడ్డిమేర అయిన గ్రీన్‌కి ఇవతలే ఆగిపోయింది. ఇలాంటి చోట చాలామంది వెడ్జ్ తీసి బంతిని గాల్లోకి లేపుతారు. హామిల్టన్ మాత్రం దూరం కొట్టడానికి వాడే హైబ్రిడ్ తీసి, పట్టర్‌తో నెట్టినట్టే నెట్టాడు. బంతి నేలను అంటుకుని పరుగెత్తి, జెండాకు రెండడుగుల దగ్గర నిలిచింది. అంతకుముందు ఏళ్ళ తరబడి జపాన్‌లో ఆడుతూ, బయట పెద్దగా పేరులేని ఆ అమెరికన్ ఓపెన్ విజేత అయ్యాడు.

గోల్ఫర్లు దీన్ని బంప్ అండ్ రన్ అంటారు. బంతి గాల్లో ఉండేది కొంచెంసేపు, దొర్లేది చాలాసేపు. పెరట్లో గోలీని గుంటలోకి దొర్లించిన వాళ్ళకు ఇందులోని కిటుకు వెంటనే అర్థమవుతుంది.

స్కాట్లాండ్‌లో ఈ షాట్ పుట్టడానికి కారణం అక్కడి నేలే. సముద్రానికీ పొలాలకీ మధ్య ఉండే ఇసుక భూముల్ని లింక్స్ అంటారు. వానపడ్డా నీళ్ళు ఇట్టే ఇంకిపోతాయి. ఫెస్క్యూ గడ్డి సన్నగా, పొట్టిగా పెరుగుతుంది. కింద నేల గట్టిగా, ఎగుడుదిగుడుగా ఉంటుంది. పైన సముద్రపు గాలి. ఎత్తుగా లేచిన బంతిని ఆ గాలి పక్కకు లాగుతుంది. ఒకవేళ సరైన చోటే దిగినా గట్టినేల మీద ఎగిరి ఎటో పోతుంది. తక్కువ ఎత్తులో వెళ్ళే బంతికి ఈ రెండు బెడదలూ తక్కువ.

బంతి తయారీ కూడా ఇందులో పాలుపంచుకుంది. తోలు సంచిలో ఈకలు కూరి కుట్టిన పాత బంతిని ఇనుప క్లబ్‌తో కొడితే కుట్లు తెగే ప్రమాదం ఉండేది. 1848 ప్రాంతంలో గట్టా పర్చా బంతి వచ్చాక ఆ భయం పోయింది. గ్రీన్ చుట్టుపక్కల ఇనుప క్లబ్‌ల వాడకం అప్పటినుంచే పెరిగింది.

ఆడే పద్ధతి చూడ్డానికి సులువు. బంతి వెనక పాదానికి దగ్గరగా, బరువు ముందు కాలి మీద, చేతులు బంతికన్నా కాస్త ముందుకి. మణికట్లు కదలకూడదు. భుజాలు మాత్రమే గడియారపు లోలకంలా ఊగాలి. క్లబ్ ముందు బంతిని తాకాలి, తర్వాతే నేలను. చాలామంది చెడగొట్టేది ఇక్కడే. బంతిని లేపాలన్న ఆత్రంలో మణికట్టు వంచేస్తారు, క్లబ్ నేలలో దిగబడుతుంది.

ఏ క్లబ్ తీయాలన్నదానికి కోచ్‌లు చెప్పే లెక్క ఒకటుంది. 12లోంచి క్లబ్ నంబరు తీసేస్తే, గాల్లో ఒక వంతుకు నేల మీద ఎన్ని వంతులు దొర్లుతుందో వస్తుంది. 8 ఐరన్‌కి నాలుగు, 7 ఐరన్‌కి ఐదు. పిచింగ్ వెడ్జ్‌ని పదిగా లెక్కేస్తే రెండు. జెండా ఇరవై అడుగుల దూరంలో ఉందనుకుంటే, 8 ఐరన్‌తో నాలుగడుగులు ఎగరేస్తే చాలు, మిగతా పదహారూ అదే దొర్లుతుంది. ఇది చదునైన, మధ్యస్థ వేగం ఉన్న గ్రీన్‌కి వర్తించే లెక్క. ఎక్కుడుంటే ఇంకాస్త నిటారు ముఖమున్న క్లబ్, దిగుడుంటే ఇంకాస్త వాలున్నది తీసుకోవాలి. బంతి మొదట ఎక్కడ పడాలో ఆ చోటును చూపుతో ఎంచుకోవాలి. జెండాను కాదు, ఆ చోటునే చూస్తూ కొట్టాలి.

ఈ షాట్ గొప్పతనం దాని తప్పుల్లో కనిపిస్తుంది. 60 డిగ్రీల వాలున్న వెడ్జ్‌తో ఎత్తుగా లేపబోయి పావు అంగుళం తేడా వస్తే బంతి పాదాల దగ్గరే పడొచ్చు, లేదా గ్రీన్ దాటి పారిపోవచ్చు. దొర్లించే షాట్‌లో తేడా వచ్చినా బంతి ఎంతోకొంత జెండా వైపే సాగుతుంది. చేతులు వణికే వేళ ఆ భరోసా చాలా పెద్దది.

1995 ఓపెన్‌లో సెయింట్ ఆండ్రూస్‌లోని ఓల్డ్ కోర్స్ ఈ రెండు ముఖాల్నీ ఒకే ఆటగాడిలో చూపించింది. ఇటలీకి చెందిన కోస్టాంటీనో రోకాకు జాన్ డేలీని అందుకోవాలంటే ఆఖరి హోల్‌లో బర్డీ, అంటే నిర్ణీత స్ట్రోక్‌ల కన్నా ఒకటి తక్కువ, కావాలి. డ్రైవ్ గ్రీన్ దగ్గరిదాకా వచ్చింది. చిప్ చేయబోతే క్లబ్ నేలలో దిగి, బంతి గ్రీన్ ముందున్న లోతైన పల్లంలోకి జారిపోయింది. వ్యాలీ ఆఫ్ సిన్ అంటారు దాన్ని. రోకా ఈసారి పట్టర్ తీశాడు. దాదాపు అరవై అడుగుల దూరం. బంతి పల్లంలోంచి గట్టెక్కి, గ్రీన్ మీద వంపు తిరిగి, కప్‌లో పడింది. రోకా నేలమీద బోర్లాపడి పిడికిళ్ళతో గుద్దాడు. ప్లేఆఫ్‌లో 17వ హోల్ ఇసుక బంకర్‌లో చిక్కుకుని డేలీకి ఓడిపోయినా, ఆ పట్ మాత్రం ఓపెన్ చరిత్రలో నిలిచిపోయింది.

నేల ఒక్కోసారి చేయీ ఇస్తుంది. 2009 ఓపెన్‌లో టర్న్‌బెర్రీలో 59 ఏళ్ళ టామ్ వాట్సన్ ఆఖరి హోల్‌లో కొట్టిన 8 ఐరన్ గట్టినేల మీద దూకి గ్రీన్ వెనక్కి పోయింది. అతను అక్కడినుంచి పట్టర్‌తోనే ఆడాడు. బంతి ఎనిమిదడుగులు దాటింది, తర్వాతి పట్ తప్పింది, ప్లేఆఫ్‌లో స్టూవర్ట్ సింక్ గెలిచాడు. అయినా వాట్సన్ ఎంపిక సరైనదే. అయిదు ఓపెన్‌లు గెలిచిన మనిషికి ఆ నేల ఎలాంటిదో తెలుసు.

ఈ విద్య చాలాచోట్ల వెనకబడటానికి కారణం నీళ్ళు. స్ప్రింక్లర్లతో తడిపి పచ్చగా ఉంచిన మైదానంలో బంతి పడ్డచోటే ఆగుతుంది. గ్రీన్ చుట్టూ గడ్డి ఒత్తుగా పెంచితే దొర్లించడానికి దారే ఉండదు. అప్పుడు వెడ్జ్ ఒక్కటే గతి. అలాంటి చోట ఆట ఒకే పాట పాడుతుంది.

అమెరికాలోని పైన్‌హర్స్ట్ 2వ నంబర్ మైదానం ఆ ధోరణిని తిప్పికొట్టింది. స్కాట్లాండ్‌లోని డోర్నాక్‌లో పుట్టిన డొనాల్డ్ రాస్ దాన్ని రూపొందించాడు. 2010–11లో బిల్ కూర్, బెన్ క్రెన్షా కలిసి తడిపి పెంచిన గడ్డిని ఎకరాలకొద్దీ తీసేసి, ఇసుకనీ గట్టి ఫెయిర్‌వేలనీ వెనక్కి తెచ్చారు. 2014 యు.ఎస్. ఓపెన్‌లో జర్మన్ ఆటగాడు మార్టిన్ కైమర్ అక్కడ గ్రీన్ బయటినుంచి పదేపదే పట్టర్ వాడి, ఎనిమిది స్ట్రోక్‌ల తేడాతో గెలిచాడు. ఆ తర్వాతి వారం అదే మైదానంలో మహిళల ఓపెన్ జరిగింది. విజేత మిషెల్ వీ.