గోల్కొండ పేరుగల ఒక మేడ

గోల్కొండ అనగానే మనకు కోట గుర్తుకు వచ్చును. ఆ పేరే పెట్టుకొన్న మేడ ఒకటి పుదుచ్చేరిలో ఉన్నది. శ్రీ అరవిందాశ్రమవాసుల వసతికై కట్టిన ఈ భవనమునకు హైదరాబాదు సంస్థానమునుండి ధనసహాయము లభించినది. ఆ సంస్థాన ప్రభుత్వములో ముఖ్యుడైన సర్ అక్బర్ హైదరీ అందుకు పూనుకొన్నాడు. ఆ కృతజ్ఞతతోనే మేడకు ఫ్రెంచివారి ఉచ్చారణలో "గోల్‌కోండ్" అని పేరు పెట్టినారు. భవనశిల్పి ఆంటొనిన్ రేమండ్ బొహీమియాలో పుట్టి, అమెరికా వెళ్ళి, టోక్యోలో స్థిరపడిన వాడు. పని దగ్గర నిలిచి నడిపించిన వారిలో చెక్ దేశీయుడు ఫ్రాంటిషెక్ సామర్, జపాను సంతతికి చెందిన అమెరికను జార్జి నాకషిమ ముఖ్యులు. 1930ల నడుమ నకలు పటములు తయారై, యుద్ధకాలపు ఇబ్బందుల మధ్య 1940లలో కట్టడము ముగిసినది.

మన దేశములో కాంక్రీటుతో కట్టిన తొలి ఆధునిక భవనములలో ఇది ఒకటి అని శిల్పులు దీనిని మెచ్చుకొందురు. నేను భౌతికశాస్త్రము చెప్పుకొను వాడను గనుక శిల్పుల మెప్పు నాకు అంతగా పట్టదు. నాకు పట్టినది వేరొకటి. విద్యుత్తుతో నడిచే చల్లదనపు యంత్రము లేకుండ, ఉక్కగా ఉండే సముద్రతీరపు ఊరిలో, మనుష్యుడు సుఖముగా నిద్రపోగల గదిని కట్టవలెనంటే ఏమేమి ఆలోచించవలెనో ఈ మేడలోని ప్రతి భాగమును చూచి నేర్చుకొనవచ్చును. ఏమి చేయరాదో కూడ కొంత నేర్చుకొనవచ్చును.

మొదట దిక్కు సంగతి. మేడ తూర్పు పడమరలుగా పొడవుగా సాగినది. పొడవైన ముఖములు రెండును దాదాపుగా ఉత్తర దక్షిణములకు ఉన్నవి. తూర్పు పడమరల కొసలు ఇరుకైన గోడలు. దీని అర్థము తెలియవలెనంటే విద్యార్థులు ఒక చిన్న లెక్క వేసి చూడవలెను. హైదరాబాదు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశముమీద ఉన్నది. మార్చి 21న దక్షిణపు గోడకు 60 సెంటీమీటర్ల ఛజ్జా ఉన్నదనుకొనుడు. ఆ రోజున దాని నీడ గోడమీద సుమారు 190 సెంటీమీటర్ల క్రిందివరకు పడును. వింత ఏమనగా, విషువద్దినమున ఈ నీడ అంచు ఉదయమునుండి సాయంత్రమువరకు దాదాపు ఒకే చోట నిలుచును. ఇప్పుడు అదే ఛజ్జాను పడమటి గోడకు పెట్టుడు. సూర్యగడియారము ప్రకారము సాయంత్రము 4 గంటలకు దాని నీడ 33 సెంటీమీటర్లు మాత్రమే. 120 సెంటీమీటర్ల ఎత్తుగల కిటికీకి ఆ వేళ పూర్తిగా నీడ కావలెనంటే ఛజ్జా 2 మీటర్లకు పైగా ముందుకు రావలెను. అది ఛజ్జా కాదు, వసారా అగును. అందుచేత పడమటి ఎండను ఛజ్జాతో గెలువలేము. ఆ దిక్కున కిటికీలు తగ్గించుటయే ఉపాయము. గోల్‌కోండ్ శిల్పులు సరిగ్గా ఆ పనే చేసినారు.

అయితే ఉత్తరపు ముఖమున ఎండ రాదు గదా అని ఎవరైన అడుగవచ్చును. ఢిల్లీలో మిట్టమధ్యాహ్నపు సూర్యుడు ఎన్నడును ఉత్తరమునకు పోడు. కాని కర్కటరేఖకు దక్షిణముగా ఉన్న మన ప్రాంతములన్నిటను వేసవిలో కొన్ని దినములు సూర్యుడు నడినెత్తిని దాటి ఉత్తరమునకు వచ్చును. పుదుచ్చేరి సుమారు 12 డిగ్రీల అక్షాంశమువద్ద ఉన్నది గనుక జూన్ 21న అక్కడ మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి 11 డిగ్రీలకు పైగా ఉత్తరమున ఉండును. ఉదయ సాయంత్రములలో ఎండ ఇంకను ఏటవాలుగా ఉత్తరపు గోడను తాకును. కాబట్టి ఉత్తరదేశపు పుస్తకములోని నకలును తెచ్చి ఇక్కడ పరచినచో తప్పు జరుగును. ఈ మేడకు రెండు ముఖములందును ఒకే విధమైన రక్షణ ఉన్నది.

ఆ రక్షణయే ఈ భవనపు ప్రాణము. రెండు పొడవైన ముఖములలోను మామూలు కిటికీ లేదు, గాజు లేదు. గోడకు బదులుగా అడ్డముగా అమర్చిన వెడల్పాటి పలకలు వరుసలుగా ఉన్నవి. లోపలినుండి వాటిని తిప్పవచ్చును. తెరచినచో గాలి వచ్చును, ఎండ రాదు. వాన వచ్చినచో మూయవచ్చును. గదులు దక్షిణమువైపు, నడవ ఉత్తరమువైపు. గదికి నడవకు మధ్య టేకుబద్దీల జరుపుడు తలుపులు. అవి మూసి ఉన్నను సందులలోనుండి గాలి సాగిపోవును. ఉక్క ఊరిలో గాలి ఎందుకు ప్రాణమో ఉపాధ్యాయులు తరగతిలో చెప్పియే ఉందురు. గాలిలో తేమ హెచ్చుగా ఉన్నప్పుడు చెమట ఆరదు. ఆరనిదే శరీరము చల్లబడదు. చర్మమును ఆనుకొన్న తడిగాలిని తొలగించి మరియొక గాలిని తెచ్చుట ఒకటే మార్గము. గాలి ఒక వైపునుండి వచ్చిన చాలదు, పోవుటకు ఎదుటివైపున దారి ఉండవలెను. మనలో చాలమంది ఇంటికి కిటికీలు లెక్కపెట్టుదురే గాని, వచ్చిన గాలి ఎటు పోవునో చూడరు.

పైకప్పు సంగతి కూడ చెప్పవలెను. వేసవిలో అన్ని గోడలకంటె పైకప్పే హెచ్చు వేడిని గ్రహించును. మన ఇళ్ళలో పలుచని స్లాబు పగలంతయు కాగి, సాయంత్రమునుండి మనమీదికి వేడి కక్కుచుండును. ఆరుబయట చల్లబడినను లోపల పడుకొనలేము. గోల్‌కోండ్ స్లాబుమీద వంపుగా పోతపోసిన కాంక్రీటు పెంకులను ఎత్తుగా పరచినారు. పెంకుల క్రింద గాలి ఆడుచుండును. ఎండ పెంకును తాకును, స్లాబును తాకదు. ఇందులో గొప్ప రహస్యమేమియు లేదు. గొడుగు వేసుకొన్న మనిషికి తెలిసిన సంగతియే. నేల నున్నని కడప రాయి. ఆ నల్లరాతిని మన మేస్త్రీలు తరతరాలుగా వాడుచునే ఉన్నారు.

ఇంత మెచ్చుకొన్న తరువాత లోపములను దాచుట న్యాయము కాదు. తిప్పుడు పలకలు ఆస్‌బెస్టాస్ కలిపిన సిమెంటుతో చేసినవి. ఆ కాలమున దానిని తేలికైన, నిప్పంటని మంచి వస్తువుగా ఎంచినారు. దాని నూలు ఊపిరితిత్తులలో చేరి క్యాన్సరు మొదలైన రోగములకు కారణమగునని నేడు మనకు తెలియును. కోసినప్పుడు, విరిగినప్పుడు ప్రమాదము హెచ్చు. నేడు ఆ పద్ధతిని అనుసరించువారు కొయ్యనో, అల్యూమినియమునో వాడవలెను. రెండవది ఖర్చు. నడవకు ఒకే వైపున గదులుంచుటవలన గదికి పట్టు గోడయు, స్థలమును హెచ్చు. నడవకు రెండు వైపుల గదులు కట్టినచో చౌక; కాని అప్పుడు గాలికి అడ్డుగోడ లేచును. చౌక కోరువాడు దేనిని వదులుకొనుచున్నాడో ముందుగా తెలిసికొనవలెను. మూడవది, గాలి పోవు సందులోనుండి మాటయు పోవును. ఆశ్రమవాసులు మెల్లగా మాట్లాడువారు గనుక సాగినది. మన విద్యార్థి వసతిగృహములో ఈ తలుపులు పెట్టినచో పరీక్షలముందు ఎవ్వరును చదువలేరు.

అన్నిటికంటె ముఖ్యమైన హెచ్చరిక వేరే ఉన్నది. ఈ మేడను మెచ్చినవాడు దీనినే తెచ్చి కర్నూలులోనో, కరీంనగరులోనో కట్టినచో చెడిపోవును. అక్కడ మే నెలలో పగటిగాలి పొడిగా ఉండి, శరీరపు వేడికంటె వేడిగా వీచును. పలకలన్ని తెరచి ఆ వడగాలిని లోపలికి ఆహ్వానించుట అవివేకము. అట్టి చోట పగలు కిటికీలు మూసి, రాత్రి తెరువవలెను. గోడ దళసరిగా ఉండవలెను. దళసరి మట్టిగోడగాని రాతిగోడగాని మధ్యాహ్నపు వేడిని గదిలోనికి రానిచ్చుటకు చాల గంటలు పట్టును, అంతలో పొద్దు క్రుంకును. రాయలసీమ మిద్దెలు కట్టినవారు ఈ లెక్క చదువకయే తెలిసికొన్నారు. గోదావరి జిల్లాల మండువా లోగిళ్ళు తడిగాలికి, వానకు తగినవి. ఒకదానికొకటి పోలిక లేని ఆ రెండిండ్లును ఒకే సూత్రమునకు జవాబులు. గోల్‌కోండ్ కూడ అట్టి జవాబే, కాంక్రీటుతో చెప్పినది.

నా ఫిర్యాదు గోల్‌కోండ్ మీద కాదు. నేను పాఠము చెప్పిన ఒక కళాశాలలో కొత్తగా కట్టిన తరగతి గదుల వరుస ఉన్నది. ముందుభాగము పడమరకు, నిలువెత్తు గాజు. గాజు ఎండను లోపలికి రానిచ్చును గాని, కాగిన బల్లలు, గోడలు వెలువరించు వేడిని బయటికి పోనీయదు. మధ్యాహ్నము 2 గంటలు దాటినదా, విద్యార్థులు బల్లలను ఎదుటి గోడ దగ్గరకు ఈడ్చుకొందురు. ఎండ పడకుండ తెరలు దించుదురు. తెరలు దించగానే నల్లబల్ల కనబడదు, అందుచేత దీపములు వేయుదురు. వెలుతురు కొరకు పెట్టిన గాజుకు తెర కట్టి, పట్టపగలు దీపము వెలిగించుట! ఉష్ణప్రసారమును గురించి నేను ఆ గదిలోనే పాఠము చెప్పినాను. ఉదాహరణ కొరకు వెదకుకొనవలసిన పని లేకపోయినది. ఆ పాఠము అందరికి బాగా అర్థమైనది గాని, వెనుక బెంచీలలో ఇద్దరు నిద్రపోయినారు. వారిని మందలించుటకు నాకు మనసొప్పలేదు.

గాజు అందముగా ఉన్నదని కొందరందురు. చలిదేశములలో తక్కువ ఎండను దొరకినంత లోపలికి తెచ్చుకొనుటకు అది తగిన వస్తువే. ఇల్లు కట్టునప్పుడు గుమ్మము ఏ దిక్కున ఉండవలెనని మనము పదిమందిని అడుగుదుము. పిల్లవాడు చదువుకొను గదిలోనికి సాయంత్రపు ఎండ ఎంతసేపు వచ్చునని ఒక్కరినైన అడుగము.

ఆ వరుసకు ప్రక్కనే మరియొకటి కట్టుటకు అనుమతి వచ్చినది. నకలు పటమును నేను అడిగి చూచినాను. గదుల కొలతలు, మెట్లు, నీటిగొట్టములు అన్నియు చక్కగా గీచి ఉన్నవి. మూలలో ఉండవలసిన ఉత్తరదిక్కు బాణపు గుర్తు మాత్రము కనబడలేదు. అడుగగా, ఇది అన్ని ఊళ్ళకు పంపు నమూనా అనియు, రోడ్డు ఎటున్నచో ముందుభాగము అటు త్రిప్పుకొనవలెననియు చెప్పినారు. మా రోడ్డు పడమర ఉన్నది.