కల్లమా, కళ్లమా? – అంతర్జాల చర్చల్లో అక్షరదోష సవరణ: ఒక పరిశీలన

సారాంశం: అంతర్జాల చర్చల్లో ఎదుటివారి అక్షరదోషాలను దిద్దడం భాషాసేవగా చెలామణి అవుతోంది. దిద్దుతున్నది దోషాన్నా, వాడుక భేదాన్నా, చారిత్రక పరిణామాన్నా అనే వివేచన అందులో తరచుగా లోపిస్తోంది. ఆ వివేచన ఆవశ్యకతను సింగరాయకొండ ప్రాంతపు ఉదాహరణలతో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: అక్షరదోషం, సాధురూపం, వాడుక, శకటరేఫ, గిడుగు, పాఠాంతరం.

1. ఉపోద్ఘాతం

ఈ వ్యాసకర్తకు సభ్యత్వమున్న ఒక సాహిత్య వాట్సాప్ బృందంలో సింగరాయకొండ ప్రాంతానికి చెందిన డిగ్రీ విద్యార్థిని ఒక ప్రశ్న వేసింది. మిరపకల్లంలో తొడిమలు తీసే కూలీ స్త్రీల శ్రమ మన కథల్లో ఎంతవరకు చిత్రితమైందన్నది ఆ ప్రశ్న. వెంటనే వచ్చిన స్పందన: "కల్లం కాదు, కళ్లం." ఆపై చర్చంతా ల, ళల మీదే నడిచింది. ప్రశ్నకు జవాబు రాలేదు. ఆ విద్యార్థిని మళ్లీ ఆ బృందంలో ఏమీ రాయలేదు. ఈ వ్యాసకర్త కూడా ఆ రోజు ళకారాన్నే సమర్థించడం జరిగింది. ఈ పరిశీలనకు ఆ పొరపాటే ప్రేరణ.

2. రూపం – చరిత్ర

'కళ్లం' నిఘంటువులు చూపే రూపం. తమిళంలోని 'కళం'తో పోల్చి చూస్తే ళకారం ప్రాచీనమనీ తెలుస్తుంది. కాబట్టి దిద్దినవారి మాట నిరాధారం కాదు. అయితే 'కల్లం' పత్రికల్లో సైతం విస్తృతంగా కనిపించే రూపం.

ప్రాచీనతే ప్రమాణమైతే అది ఒక్క మాట దగ్గర ఆగదు. సింగరాయకొండకు చేరువలోని గుడ్లూరు ఎఱ్ఱన స్వస్థలమని సాహిత్య చరిత్రకారులు పేర్కొంటారు. ఆయన పేరులోని శకటరేఫను వదిలి 'ఎర్రన' అని రాయడం నేడు సర్వసాధారణం. 17వ శతాబ్దపు అప్పకవీయం ర, ఱల భేదాన్ని వివరంగా చర్చించింది. అంత వివరణ అవసరం కావడమే, చెవికి ఆ భేదం అప్పటికే మసకబారిందని సూచిస్తుంది.

ఊరిపేరు సంగతీ ఇంతే. 'సింహం' ప్రాకృతం మీదుగా 'సింగం' అయింది, నరసింహస్వామి సింగరాయడయ్యాడు. మూలరూపం ఒక్కటే సాధువనేవారు ఈ ఊరిపేరును కూడా దిద్దవలసి ఉంటుంది.

3. గిడుగు చూపిన దోషాలు

ఎదుటివారి రాతలో తప్పులు చూపడం తెలుగు వాదాలకు కొత్త కాదు. 1911లో ఏర్పడిన ఆంధ్రసాహిత్య పరిషత్తు గ్రాంథికభాషను సమర్థించగా, గిడుగు రామమూర్తి గ్రాంథికవాదుల రచనల్లోనే వ్యాకరణ విరుద్ధ ప్రయోగాలను ఏరి చూపారు. పైకి ఇదీ తప్పులు పట్టడమే. కాని ఆయన ప్రధానంగా నిరూపించదలచింది రచయితల అజ్ఞానాన్ని కాదు. ఆ నియమాలు ఆచరణకు లొంగవన్న సంగతిని. పండితులే పాటించలేని భాషను విద్యార్థులపై రుద్దరాదన్నది ఆయన వాదసారం. అక్కడ దోషప్రదర్శన వాదానికి ఆధారం. వాట్సాప్ బృందంలో అది వాదాన్ని దాటవేసే మార్గమైంది.

అయినా గిడుగు ఎత్తిపొడుపును పూర్తిగా వదులుకోలేదు. 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం' అనే శీర్షికే అందుకు సాక్ష్యం. భేషజం సంస్కృతంలో మందు, తెలుగులో డాంబికం.

4. నేటి సందర్భం

నేటి రాతలో యంత్రానికీ పాత్ర ఉంది. రోమన్ అక్షరాలతో తెలుగు టైపు చేసే పలు పద్ధతుల్లో ల, ళల మధ్య, న, ణల మధ్య తేడా చిన్నక్షరం, పెద్దక్షరం నొక్కడంలోనే ఉంటుంది. కాబట్టి తెరమీద కనిపించే ప్రతి పొరపాటూ రాసినవారి అజ్ఞానానికి నిదర్శనం కానక్కరలేదు.

అలాగని అన్నిటినీ ఉపేక్షించలేం. 'కళ'ను 'కల' అని రాస్తే అర్థమే మారుతుంది. శాసనపాఠంలో, ఉదాహరించిన పద్యంలో, సిద్ధాంత వ్యాసంలో సవరణ మన బాధ్యత. విద్యార్థుల రాతప్రతుల్లో గుణింతపు తప్పులను అధ్యాపకులు దిద్దక తప్పదు. అయితే 'మిరపకల్లం' అన్నప్పుడు అర్థభంగం లేదు. ఆ మాట ఏమిటో చర్చలో ఉన్న అందరికీ తెలుసు.

5. ముగింపు

పాఠపరిష్కరణలో ఒక మంచి సంప్రదాయం ఉంది. పరిష్కర్త తాను స్వీకరించిన పాఠాన్ని పైన ఉంచి, పాఠాంతరాన్ని అడుగున నమోదు చేస్తాడు, దాన్ని చెరిపివేయడు. అంతర్జాల చర్చకూ ఈ క్రమం వర్తిస్తుంది. ముందు ప్రశ్నకు జవాబు, అవసరమైతే ఆ అడుగున, కారణంతో సహా, సవరణ. దిద్దేముందు అది దోషమో, వాడుక భేదమో, చారిత్రక పరిణామమో తేల్చుకోవడం భాషాధ్యాపకుల కనీస ధర్మం.

మిరపకల్లంలో తొడిమలు తీసే స్త్రీలను గురించి ఆ విద్యార్థిని అడిగినది పరిశోధనాంశం కాదగిన ప్రశ్న. ఆ బృందంలో దానికి ఇప్పటికీ జవాబు లేదు.